తమ్ముడికి: ఏ సర్టిఫికెట్ ముందు, ఏది తర్వాత

ఓర్లాండో, ఫ్లోరిడా

చిన్నా,

మూడు కోర్సుల పేర్లు పంపి "ఏది కట్టమంటావక్కా" అని అడిగావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే దగ్గర పెట్టుకుని చూసుకునేలా రాస్తున్నాను. నాన్న అప్పుచేసి ఇస్తున్న డబ్బు కాబట్టి వరస తప్పకూడదు.

టెన్నిస్ అకాడమీ పిల్లలకి ఫిట్‌నెస్ చేయించాలన్నది నీ కోరిక, అందుకే నీ కళ్ళు టెన్నిస్ సర్టిఫికెట్ మీదే ఉన్నాయి. అది చివర చేయాల్సింది. ముందు పునాది, అంటే పర్సనల్ ట్రైనర్ సర్టిఫికెట్. దాని మీద కరెక్టివ్ ఎక్సర్‌సైజ్, అంటే కదలికలో తప్పు పట్టి వ్యాయామంతో సరిదిద్దడం. ఆ తర్వాతే టెన్నిస్. మామూలు మనిషి స్క్వాట్‌లో తప్పెక్కడుందో పట్టుకోలేనివాడు, సర్వ్ చేసే పిల్లాడి భుజంలో ఏం జరుగుతోందో అసలు పట్టుకోలేడు.

డబ్బు కట్టేముందు ఒక్కటి చూడు: ఆ సర్టిఫికెట్‌కి ఎన్‌సీసీఏ గుర్తింపు ఉందా? పరీక్ష సరిగ్గా తయారుచేశారా, సరిగ్గా పెడుతున్నారా అని పరిశీలించి గుర్తింపు ఇచ్చే అమెరికా సంస్థ అది. ఏసీఎస్ఎం, ఎన్ఎస్‌సీఏ, ఏసీఈ, నాస్మ్ అనేవి ట్రైనర్లకి సర్టిఫికెట్లిచ్చే అమెరికా సంస్థలు, ఈ నాలుగింటి ట్రైనర్ సర్టిఫికెట్లకీ ఆ గుర్తింపు ఉంది. అయితే గుర్తింపు సంస్థ మొత్తానికి కాదు, ఒక్కో సర్టిఫికెట్‌కి విడిగా ఇస్తారు. నాస్మ్ ట్రైనర్ సర్టిఫికెట్‌కి ఉంది, వాళ్ళదే కరెక్టివ్ ఎక్సర్‌సైజ్ స్పెషలైజేషన్‌కి లేదు. అంతమాత్రాన ఆ రెండోది పనికిరాదని కాదు. అది పునాది మీద కట్టే అంతస్తు, దాన్నే పునాదిగా చూపించి ఉద్యోగం అడగలేవు.

నీకు నాస్మ్ ట్రైనర్ పరీక్ష సరిపోతుంది. 18 ఏళ్ళు నిండి, ఇంటర్ పాసై ఉంటే చాలు. 2 గంటల్లో 120 ప్రశ్నలు, వాటిలో లెక్కలోకి వచ్చేవి 100. మిగతా 20 వాళ్ళు ప్రయోగానికి పెట్టేవి, ఏవో మనకి తెలియదు. 70 స్కేల్డ్ స్కోరు వస్తే పాస్. స్కేల్డ్ అంటే నూటికి 70 సరైన జవాబులని కాదు, ప్రశ్నపత్రం కష్టసుఖాలను బట్టి సవరించిన స్కోరు. చాలామంది ఎక్కడ తప్పుతారంటే, కండరాల పేర్లు బట్టీపడతారు గానీ ఏ కండరం బిగుసుకుంటే ఏ కీలు ఎటు తిరుగుతుందో చూసుకోరు. ప్రశ్నలు అక్కడే వస్తాయి.

డిగ్రీ ఉంది కాబట్టి ఎన్ఎస్‌సీఏ వాళ్ళ సీఎస్‌సీఎస్ (క్రీడాకారుల బలం, దారుఢ్యం పెంచే శిక్షకుల సర్టిఫికెట్) మీద కూడా ఆశ పెట్టుకోవచ్చు. క్రీడాకారులతో పనిచేసేవాళ్ళకి దానికున్న విలువ వేరు. పరీక్ష రెండు భాగాలు: శాస్త్రం భాగంలో 95 ప్రశ్నలకి గంటన్నర, ప్రాక్టికల్ భాగంలో 125 ప్రశ్నలకి రెండున్నర గంటలు. రెండూ విడివిడిగా పాసవ్వాలి. ప్రాక్టికల్ భాగంలో వీడియో, ఫొటో చూపించి తప్పు పట్టమంటారు, పుస్తకం మాత్రమే చదివినవాడు అక్కడ దొరికిపోతాడు. 2030 నుంచి సంబంధిత సబ్జెక్టులో గుర్తింపున్న డిగ్రీ కావాలని ప్రకటించారు. నీది బీకామ్ కాబట్టి ఆ గడువు గుర్తుపెట్టుకో.

మనవాళ్ళకి వచ్చే ఇబ్బంది ఒకటుంది, జాగ్రత్తగా విను. పరీక్ష హాల్లో నీ గుర్తింపు కార్డు మీద పేరూ, రిజిస్ట్రేషన్‌లో పేరూ అక్షరం అక్షరం కలవాలి. నీ మార్కుల జాబితాలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే రిజిస్టర్ చెయ్యి, ఇంటిపేరు సర్‌నేమ్ గడిలోనే రాయి. తేడా ఉంటే లోపలికి రానివ్వరు, కట్టిన ఫీజు పోతుంది.

సీపీఆర్ (గుండె ఆగినవాళ్ళకి ఛాతీ నొక్కడం), ఏఈడీ (గుండెకి షాక్ ఇచ్చే యంత్రం) నేర్చుకున్నట్టు ఇచ్చే కార్డు కూడా ముందే చేతిలో పెట్టుకో. వీడియో చూసి ఆన్‌లైన్‌లో తెచ్చుకునే కార్డు వద్దు. బొమ్మ మీద చేత్తో నొక్కి చూపించే భాగం ఉండాలి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ శిక్షణ కేంద్రాలు మన దగ్గరా ఉన్నాయి, అక్కడ చెయ్యి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్ళకి కనీసం 5 సెంటీమీటర్ల లోతు నొక్కాలి. రెండు నిమిషాలకే చేతులు ఎలా పడిపోతాయో బొమ్మ మీద చేస్తేనే తెలుస్తుంది.

ఇక కరెక్టివ్ ఎక్సర్‌సైజ్. దీని మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దీన్ని జనం ఎక్కువగా పాడుచేస్తున్నారు. పద్ధతి నాలుగు మెట్లు: బిగుసుకున్న కండరాన్ని ఫోమ్ రోలర్‌తో (ఒంటి కింద పెట్టుకుని దొర్లే గుండ్రటి నురుగు దిమ్మె) సడలించడం, దాన్నే సాగదీయడం, బలహీనంగా ఉన్న కండరాన్ని విడిగా పనిచేయించడం, చివరికి అన్నిటినీ కలిపి ఒక కదలికలో పెట్టడం. వీటన్నిటికీ ముందు చూపు కావాలి. ఓవర్‌హెడ్ స్క్వాట్ ఇలా చూడు. బూట్లు విప్పించు. పాదాలు భుజాలంత ఎడంగా, వేళ్ళు నేరుగా ముందుకి. చేతులు చెవుల పక్కగా పైకి. కుర్చీ ఎత్తు వరకు దిగి లేవమను. ఎదురుగా నిలబడి 5 సార్లు, పక్క నుంచి 5 సార్లు చూడు. ఎలా చెయ్యాలో ముందే సరిదిద్దకు, నీ మాట విని అతను సర్దుకుంటే అసలు అలవాటు నీకు కనపడదు.

మోకాళ్ళు లోపలికి ఒరిగాయనుకో. వెంటనే తుంటి కండరం బలహీనమని రాసెయ్యకు. మడమల కింద 5 సెంటీమీటర్ల మందం పలకలు పెట్టి మళ్ళీ చేయించు. మోకాళ్ళు సరిగ్గా వచ్చాయా, చీలమండ బిగుసుకుంది, పిక్క మీద పనిచెయ్యి. అయినా ఒరుగుతున్నాయా, తుంటి వైపు వెళ్ళు. నడుము విల్లులా వంగితే చేతులు నడుం మీద పెట్టించి చూడు. వంపు తగ్గితే వీపు రెక్కల కండరాలు బిగుసుకున్నాయన్నమాట. ఈ రెండు చిన్న మార్పులే సగం పని చేస్తాయి.

రోలర్ మీద పిల్లలు చపాతీ కర్రలా గబగబా దొర్లుతుంటారు, దానివల్ల లాభం లేదు. నొప్పిగా ఉన్న చోట ఆగి కనీసం 30 సెకన్లు నిలపాలి. తర్వాత 30 సెకన్ల స్ట్రెచ్. ఆ తర్వాత, చీలమండ సరిగ్గానే ఉండి తుంటి బలహీనమైతే, పక్కకి పడుకుని కాలు ఎత్తడం 10 నుంచి 15 సార్లు: పైన 2 సెకన్లు ఆపి, 4 సెకన్లలో దించాలి. చివర స్టెప్ మీదకి ఎక్కి ఒంటికాలి మీద నిలబడడం. మొత్తం పావుగంటలో అయిపోవాలి. మనిషిలో పది తప్పులు పట్టి అన్నిటికీ వ్యాయామం ఇస్తే ఏదీ చెయ్యడు, ఒకటో రెండో ఎంచుకో. ఇంకో మాట, స్క్వాట్‌లో మోకాలు ఒరిగినంత మాత్రాన రేపు గాయమవుతుందని ఎవరినీ భయపెట్టకు, అంత కచ్చితంగా ఎవరూ చెప్పలేరు.

టెన్నిస్ దగ్గర రెండు రకాల సర్టిఫికెట్లున్నాయి, కలిపేసుకోకు. స్ట్రోక్ నేర్పే కోచ్‌లకి సర్టిఫికెట్లిచ్చే సంస్థలు, 1976లో మొదలైన పీటీఆర్, 1927 నాటి యూఎస్‌పీటీఏ (2024లో పేరు మార్చుకుని ఆర్ఎస్‌పీఏ అయింది), మన దేశంలో ఐటా (అఖిల భారత టెన్నిస్ సంఘం) ద్వారా నడిచే ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) కోర్సులు. ఆటగాళ్ళ శరీరం చూసుకునేవాళ్ళకి ఐటీపీఏ అనే సంస్థ సర్టిఫికెట్లు. అందులో మూడు మెట్లు: టెన్నిస్ పర్ఫార్మెన్స్ ట్రైనర్, సర్టిఫైడ్ టెన్నిస్ పర్ఫార్మెన్స్ స్పెషలిస్ట్, పైన మాస్టర్. నీది రెండో దారి. ఫోర్‌హ్యాండ్ గ్రిప్ నువ్వు మార్చకు, అది కోచ్‌తో మాట్లాడు.

ఈ కోర్సులో నేర్చుకోవలసిన అసలు విషయం భుజం. సర్వ్ చేసే చెయ్యి ఏళ్ళు గడిచేకొద్దీ బయటికి ఎక్కువ తిరుగుతుంది, లోపలికి తక్కువ తిరుగుతుంది. పిల్లాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, చెయ్యి పక్కకి 90 డిగ్రీలు, మోచెయ్యి 90 డిగ్రీలు మడిచి కొలువు. రెండు దిక్కులా కలిపి లెక్కెయ్యి. ఉదాహరణకి ఆడే చెయ్యి బయటికి 105, లోపలికి 45, మొత్తం 150. రెండో చెయ్యి 95, 55, అదీ 150. ఇందులో కంగారు లేదు, చెయ్యి తిరిగే పరిధి పక్కకి జరిగిందంతే. అదే లోపలికి 30 మాత్రమే వస్తే మొత్తం 135కి పడిపోతుంది, అప్పుడు పనుంది. కొలిచేటప్పుడు నీ అరచేత్తో భుజం ముందుభాగాన్ని బల్లకి ఆనించి పట్టుకో. లేకపోతే రెక్క ఎముక ముందుకి లేచి, లేని డిగ్రీలు కలిపి చూపిస్తుంది. తక్కువున్న చేతికి ఛాతీ మీదుగా లాగే స్ట్రెచ్, 30 సెకన్లు 3 సార్లు, ఆట అయ్యాక.

పరుగు సంగతి. పిల్లల్ని రోజూ 5 కిలోమీటర్లు పరిగెత్తించడం నాకు నచ్చదు. టెన్నిస్‌లో ఎక్కువ పాయింట్లు 10 సెకన్లలోపే అయిపోతాయి, పాయింటుకీ పాయింటుకీ మధ్య నిబంధన ప్రకారం 25 సెకన్లు, కోర్టు మారేటప్పుడు 90 సెకన్లు. సాధన అలాగే ఉండాలి: 5 నుంచి 10 సెకన్ల దిశమార్పు పరుగు, 20 నుంచి 25 సెకన్ల విరామం, ఆరు సార్లయ్యాక 90 సెకన్లు. కొలవడానికి స్పైడర్ టెస్ట్ చాలు. బేస్‌లైన్ రెండు మూలల్లో రెండు బంతులు, సర్వీస్ లైన్ సింగిల్స్ గీతని కలిసే చోట రెండు, సర్వీస్ లైన్ మధ్య గీతని కలిసే చోట (దాన్ని టీ అంటారు) ఒకటి. బేస్‌లైన్ మధ్య నుంచి ఒక్కోదాన్ని తెచ్చి పెట్టాలి, టైము రాయి. మట్టికోర్టు టైముని సిమెంటు కోర్టు టైముతో పోల్చకు. మే నెలలో పిల్లాణ్ణి ఆటకి ముందూ తర్వాతా తూకం వెయ్యి. ఒక కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయినట్టు.

సర్టిఫికెట్ వచ్చాక కూడా ఖర్చుంటుంది. నాస్మ్‌ది రెండేళ్ళకోసారి, 20 గంటల చదువు చూపించి రెన్యువల్ చేసుకోవాలి. కరెక్టివ్ కోర్సు ఆ గంటల్లోకే వస్తుంది, కాబట్టి ట్రైనర్ పరీక్ష పాసయ్యాకే కట్టు. ముందే కడితే ఆ లాభం పోతుంది.

నొప్పి అన్న మాట వినపడితే నీ పని అక్కడ ఆపెయ్యి. చెయ్యి తిమ్మిరి, రాత్రి నిద్రపట్టని నొప్పి, వాపు, వీటికి ఫిజియో గానీ డాక్టరు గానీ. అమ్మ మోకాళ్ళ మీద నీ రోలర్ ప్రయోగాలు చెయ్యకు, ముందు డాక్టరుకి చూపించు. నాన్న నీతో జిమ్‌కి వస్తానంటున్నారని అమ్మ చెప్పింది. చాలా సంతోషం, కానీ ముందు పార్-క్యూ కాగితంలో (వ్యాయామం మొదలుపెట్టే ముందు ఆరోగ్యం గురించి అడిగేది) ఏడు ప్రశ్నలూ ఆయన చేతే నింపించు. బీపీ సంగతి కూడా అందులో అడుగుతారు, ఉందని వస్తే డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టండి. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగపట్టనివ్వకు.

నీ స్క్వాట్ వీడియో ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి తీసి పంపు. ఫోను నడుము ఎత్తులో పెట్టు.

మీ అక్క