వానలో ఆ ఇరవై నిమిషాలు

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. ఎన్ని తిట్లు తిట్టినా పడతాను, తప్పు నాదే. అమ్మ మోకాలి ఆపరేషన్ బాగా జరిగింది, కర్ర లేకుండానే నడుస్తోంది. నా ఉద్యోగం అదే, బాస్ మారాడు. చెల్లి పరీక్ష పాసైంది. ఇంటి కబుర్లు ఇంతే, మిగతావి ఇంకోసారి. ఇప్పుడు చెప్పకపోతే ఆగలేనిది ఒకటుంది. నిన్న ట్రాక్ డేకి, అదే మన బైకుల్ని రేసు ట్రాక్ మీద తోలనిచ్చే రోజుకి, వెళ్ళాను. వానలో! పొద్దున్న మొదలైన వాన సాయంత్రం దాకా వదల్లేదు.

ఇక్కడిదాకా చదివి ఉత్తరం మడిచి పక్కన పెట్టేస్తావని తెలుసు. పెట్టకు. నీకే చెప్పాలి ఇది.

నువ్వు పడిన రోజు నీ వెనకే వస్తున్నాను కదా. తడిసిన జీబ్రా క్రాసింగ్, ఆ తెల్ల పెయింటు మీద నువ్వు బ్రేకు నొక్కడం, ముందు చక్రం పక్కకి పోవడం, అంతా నా కళ్ళముందే. నువ్వు కింద కూర్చునే "లెఫ్ట్ అంటే నీ లెఫ్టా, నా లెఫ్టా?" అని మన మామూలు జోకు వేశావు చూడు, అప్పుడు గానీ నాకు ఊపిరి ఆడలేదు. ఆ తర్వాత నువ్వు బండి ముట్టుకోలేదు. నేను ముట్టుకున్నాను గానీ, చినుకు పడితే చాలు, భుజాలు బిగుసుకుపోయేవి. ఈ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు.

నిన్న పొద్దున్న అక్కడికి వెళ్ళేసరికి సగం మంది బళ్ళు మళ్ళీ వ్యాన్లలోకి ఎక్కిస్తున్నారు. స్లిక్ టైర్లు వేసుకొచ్చిన వాళ్ళకి వేరే దారి లేదు. వాటికి గాడులుండవు, కింద చేరిన నీళ్ళు పోవడానికి చోటుండదు. నావి మామూలు రోడ్డు టైర్లు, కాబట్టి ఉండిపోయాను. ఎండ ట్రాక్ మీద తిరిగేటప్పుడు గాలి తగ్గిస్తాం కదా, అలాగే తగ్గించబోతుంటే ఇన్‌స్ట్రక్టర్ ఆపేశాడు. రోడ్డు మీద ఎంత ఉంటుందో అంతే ఉంచమన్నాడు. గాలి మరీ తగ్గితే టైరు అణిగి గాడులు మూసుకుంటాయి, నీళ్ళు బయటికి పోక టైరు నీటి మీద తేలిపోతుందన్నాడు.

ఒక్కో సెషన్ ఇరవై నిమిషాలు. మొదటిది ఎంత ఘోరంగా ఉందో ఏం చెప్పను. హెల్మెట్ అద్దం లోపల ఆవిరి, బయట నీళ్ళు. ఎక్కడ ఏ తెల్ల గీత ఉందో వెతుక్కోవడమే సరిపోయింది. బళ్ళు ఆపుకునే పిట్‌లోకి వచ్చాక ఆ ఇన్‌స్ట్రక్టర్ వచ్చి నా మోచేయి పట్టుకుని ఊపాడు. చెయ్యి కదల్లేదు, కర్రలా ఉంది. "బండికి దాని పని అది చేసుకునే వీలివ్వడం లేదు నువ్వు" అన్నాడు. ఇంకేమీ అనలేదు. రెండో సెషన్‌లో తన వెనకే రమ్మన్నాడు.

నాకు ట్రాక్ కొత్త కాదుగా, లైన్, అదే ఏ మలుపులో ఎటునుంచి పోవాలో, తెలుసు అనుకున్నాను. ఆయన ఆ లైన్ మీదికే వెళ్ళలేదు! ఎండలో అందరూ పోయే దారిలో టైర్ల రబ్బరు పూసుకుపోయి ఉంటుంది. పొడిగా ఉంటే అదే గట్టి పట్టు, తడిస్తే మాత్రం జారుడే. పరీక్షగా చూస్తే కనిపిస్తుంది మామా, ఆ పట్టీ నున్నగా మెరుస్తూ ఉంటుంది. దాని పక్కన తారు గరుకుగా, మసక రంగులో ఉంటుంది. ఆయన మెరిసేదాన్ని అడ్డంగా దాటేసి మసకగా ఉన్నచోటే తిరుగుతున్నాడు. మలుపు బయటి అంచున పోతున్నాడు, ట్రాక్ అంచున రంగులేసిన కర్బ్ జోలికి మాత్రం పోవడం లేదు. కర్బ్ కూడా పెయింటే కదా.

బ్రేకులు కూడా అంతే. బండి నిటారుగా ఉన్నప్పుడే, ఎంతో ముందునుంచే మొదలు. ముందు బ్రేకుని రెండు వేళ్ళతో మెల్లగా తాకి, బరువు ముందు టైరు మీదికి చేరాక అప్పుడు పిండడం. ఒక్కసారి గుంజితే బరువు చేరేలోపే చక్రం జారుతుంది. నీకు ఆ రోజు జరిగింది అదే రా. కింద పెయింటు, పైన ఒక్కసారిగా బ్రేకు. ఆ పిల్లాడు పరిగెత్తుకుంటూ అడ్డం వచ్చాడు, నువ్వు ఇంకేం చేస్తావు? నీ తప్పని ఇన్నాళ్ళూ... సరే, అది ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం.

ఇప్పుడు అసలైంది. ఐదో ల్యాపో, ఆరోదో. కుడి మలుపు తర్వాత పొడుగాటి స్ట్రెయిట్. మలుపులోంచి బయటికి వస్తూ థ్రాటిల్ తెరుస్తున్నాను. బండి ఇంజిన్ జోరు తగ్గించే రెయిన్ మోడ్‌లోనే ఉంది, ఒక గేరు ఎక్కువలోనే ఉన్నాను. అయినా వెనక చక్రం పక్కకి జరిగింది. సీటు నా కిందనుంచి జరిగిపోవడం తెలిసింది మామా, జానెడు కూడా ఉండదు, కానీ తెలిసింది. నీ బండి పడినప్పటి చప్పుడు చెవిలో వినిపించింది. చెయ్యి థ్రాటిల్ మూసేయబోయింది. ఒక్కసారిగా మూసేస్తే టైరుకి ఒక్కసారిగా పట్టు దొరికి బండి నన్ను పైకి ఎగరేస్తుందని తెలుసు. మూయలేదు. పెంచనూ లేదు. మోకాళ్ళతో ట్యాంకు పట్టుకుని, హ్యాండిల్ మీద చేతులు వదులుగా ఉంచి, దూరంగా స్ట్రెయిట్ చివర చూశాను. బండి ఒకసారి తోక ఊపింది, దానంతట అదే సర్దుకుంది. అంతే. అర సెకను.

హెల్మెట్ లోపల గట్టిగా అరిచేశాను. ఏమని అరిచానో తెలుసా? "నీ లెఫ్టా, నా లెఫ్టా!" అని. ఆ తర్వాత ల్యాపుల్లో భుజాలు ఎప్పుడు వదులయ్యాయో నాకే తెలియదు. ట్యాంకు మీద చినుకులు గాలికి వెనక్కి పాకడం కూడా చూశాను, అంత తీరుబడి దొరికింది.

2016లో నెదర్లాండ్స్‌లోని అసెన్‌లో జరిగిన మోటోజీపీ బైకు రేసు గుర్తుందా? వాన ముదిరి రెడ్ ఫ్లాగ్ పడింది, రేసు ఆపేశారు, మళ్ళీ మొదలెట్టాక ముందున్న రోస్సీ పడిపోయాడు, జాక్ మిల్లర్ మొదటి మోటోజీపీ గెలుపు కొట్టాడు. నువ్వు రోస్సీ కోసం రాత్రి అన్నం తినలేదు. అంతటివాడే వానలో పడ్డాడు, మళ్ళీ వచ్చి ఎక్కాడు. నేను నీకు ఎక్కమని చెప్పడం లేదు. ఒట్టు. వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాను, నువ్వు ఊరికే వచ్చి పిట్‌లో కూర్చో, నా హెల్మెట్ అద్దం తుడువు. నీ పసుపు గుడ్డ ఇంకా నా బ్యాగులోనే ఉంది.

చేతులింకా నల్లగానే ఉన్నాయి, తోలు గ్లవ్స్ తడిసి రంగంతా వేళ్ళకి పట్టింది. గోళ్ళ సందుల్లోది సబ్బుకి పోవడం లేదు, ఈ కాగితం మీద మరకలు అవే.

ఇంకా చాలా ఉంది, మూడో సెషన్‌లో ఒకాయన నీళ్ళమడుగులోంచి... అయ్యో, కింద వ్యాను హారన్ కొడుతోంది, బండి ఎక్కించాలి. మిగతాది రేపు రాస్తాను.

నీ
వెనక బండివాడు