బోర్స్ అంటే మన తిత్తే సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ బిజినెస్ పేజీలో 'బోర్స్' అంటే స్టాక్ మార్కెట్, అది ఫ్రెంచి మాట అని ఒక్క ముక్క రాసి వదిలేశారు, ఉండబట్టలేక రాస్తున్నా. ఆ మాట మార్కెట్‌కి పేరైంది ఫ్రాన్సులో కాదు సార్, డచ్చి మాట్లాడే బ్రూజ్ ఊర్లో, ఇప్పుడది బెల్జియంలో ఉంది. అక్కడ ఫాన్ డెర్ బ్యోర్జె అనే కుటుంబం తరతరాలుగా సత్రం నడిపింది, ఆ ఇంటి ముందరే వెనిస్, జెనోవా వ్యాపారులు చేరి బేరాలాడుకునేవాళ్లు, హుండీలు మార్చుకునేవాళ్లు (కొండ మీద హుండీ కాదు, షావుకార్లు రాసుకునే కాగితాలు). వాళ్లింటి పేరే బేరాలు జరిగే చోటికి పడిపోయింది. వాళ్ల కుటుంబం గుర్తు మూడు డబ్బు సంచులు!

డచ్చిలో బ్యోర్స్ అంటే ఇప్పటికీ డబ్బు సంచే. లాటిన్ బుర్సా నుంచి వచ్చింది, ఇంకా వెనక్కి పోతే గ్రీకులో తోలు అని అర్థం. అంటే అచ్చం మన తిత్తి. మా అవ్వ రొండిన ఎప్పుడూ వక్కాకు తిత్తి ఉండేది, దారం లాగితే మూతి ముడుచుకునేది, ఒక అరలో వక్కలు, ఇంకో అరలో చిల్లర, మాకిచ్చే పావలాకి కూడా ఆకు వాసనే.

1602లో డచ్ ఈస్టిండియా కంపెనీ వాటాలు అమ్మితే దాదాపు 64 లక్షల గిల్డర్లు (అప్పటి డచ్చివాళ్ల డబ్బు) పోగయ్యాయంట, ఆంస్టర్‌డామ్‌లో ఒక పనిమనిషి కూడా 100 గిల్డర్లు పెట్టింది. 1611లో అక్కడ బేరాలకని కట్టిన బిల్డింగు పేరూ బ్యోర్సే. ఇదంతా ఎక్కడో దూరాన జరిగిందనుకోకండి, ఆ కంపెనీకి 1610లో పులికాట్‌లో వ్యాపారం చేసుకోమని అనుమతిచ్చింది మన చంద్రగిరి రాజుగా పేరున్న వెంకటపతి రాయలే, వాళ్లు అక్కడ కోట కట్టుకుని మన తీరం బట్టలు ఓడలకెక్కించారు.

మా పాప డిగ్రీ చదువుతోంది, బైరాగిపట్టెడలో మా వీధి పిల్లలందరి నోటా ఒకటే మాట, ఫీజు రీయింబర్స్‌మెంట్ పడిందా అని. ఆ మాట నడిమధ్యలో ఉన్న 'బర్స్' కూడా ఇదే సార్, తిరిగి సంచిలో వెయ్యడం అని. డచ్చివాళ్లు స్కాలర్‌షిప్‌ని కూడా బ్యోర్స్ అనే అంటారు.

కాబట్టి అదే పేజీలో బ్రూజ్ పేరు పెట్టి రెండు లైన్లు వెయ్యండి, పిల్లలు చదువుకుంటారు. పక్కన బొమ్మ కావాలంటే అవ్వ తిత్తి ఇంకా మా బీరువాలోనే ఉంది, ఫొటో తీసి పంపిస్తా.

— ఒక పాఠకుడు, తిరుపతి