అమ్మ కాలు ఒళ్ళో పెట్టుకున్న మనిషికి దండం

అమ్మకు నిన్న ఆపరేషన్ అయింది. మోకాలి కింద ఎముకకు రాడ్ వేశారు. వైజాగ్‌లో వార్డు బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నా. నిద్ర లేదు, ఎక్కడైనా తడబడితే సర్దుకుని చదవండి. ఫోన్ చేసిన అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడే చెప్తున్నా.

బొర్రా గుహలు అందరూ చూసినవే. అమ్మ జారిపడ్డ గుప్తేశ్వరం శివుడి గుహ మాత్రం ఒడిశాలోని మా రాయగడలో కూడా శివరాత్రికి తప్ప ఎవరికీ గుర్తు రాదు. కోరాపుట్ దాటి, జయపురం నుంచి బొయిపారిగుడ, రామగిరి మీదుగా ఇంచుమించు 60 కిలోమీటర్లు అడవి దారి. అక్కడ శబరి పారుతుంది, అవతలి ఒడ్డు ఛత్తీస్‌గఢ్. కూనవరం దగ్గర గోదావరిలో కలిసేవి ఈ నీళ్ళేనమ్మా అంటే, "అయితే మన గోదారమ్మే" అని తలమీద చల్లుకుంది.

అది సున్నపురాతి గుహ. వాననీళ్ళు రాతిలోంచి ఊరుతూ సున్నాన్ని కరిగించి తెచ్చి, చుక్క పడ్డచోటల్లా ఇంత వదిలిపోతాయి. శివలింగం ఏటేటా పెరుగుతోందని భక్తులు అందుకే నమ్ముతారు కాబోలు. లోపలి గుహలో కప్పు నుంచి వేలాడే పెద్ద రాతిని కామధేనువు పొదుగంటారు. చుక్క ఎప్పుడో గాని రాలదు, దాని కింద దోసిలి పట్టి నిలబడాలి. అమ్మ నిలబడింది. చుక్క పడింది. ఆ సంబరంలో మాకు చూపిద్దామని గబుక్కున తిరిగింది. అదే నీటితో నున్నబడ్డ నేల, కాలు సర్రున జారింది. ఎముక విరిగిన శబ్దం నాకు వినిపించింది. గుప్పిట మాత్రం విప్పలేదు, మహాతల్లి.

కేకలు విని మెట్ల కింద కొబ్బరికాయలు అమ్మే ఆయన పైకొచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. ఎవర్నీ ఏమీ అడగలేదు. కాలు వంక చూసి, మళ్ళీ కిందికెళ్ళి, తన పాక దడిలోంచి రెండు వెదురు బద్దలు పీక్కొచ్చాడు. భుజం మీద గమ్చా నిలువునా చింపి, కాలికి అటొకటి ఇటొకటి పెట్టి కట్టాడు. చెట్టు మీంచి పడ్డవాళ్ళకి మా ఊళ్ళో ఇలాగే కడతాం అన్నాడు ఒడియాలో. ఇక్కడ డాక్టరు ఆ కట్టు విప్పుతూ, కట్టిందెవరని అడిగారు. బాగా కట్టారన్నారు.

అక్కడ ఫోన్ సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. అంబులెన్సు మాట దేవుడెరుగు. మా కారులోనే అమ్మను వెనక సీట్లో పడుకోబెడితే, "గోతుల దారి, కాలు అదురుతుంది" అంటూ ఆయన కూడా ఎక్కేశాడు. దుకాణం పక్కామెకు అప్పజెప్పాడు. బేరం బాగా ఉండే రోజు, జనం వస్తూనే ఉన్నారు. అమ్మ కాలు ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు. జయపురం దాకా అంతే. గొయ్యి వచ్చినప్పుడల్లా చేతులు ముందే లేచేవి. అమ్మకు నొప్పి కంటే ఇదే ఎక్కువ బాధైపోయింది. "పరాయి మనిషి ఒళ్ళో కాలు పెట్టించారు, నాకు పాపం చుట్టుకుంటుందర్రా" అని ఒకటే గొణుగుడు. భాష తెలియకపోయినా ఆయనకు అర్థమైనట్టుంది. ఒక చెయ్యి తీసి ఆమె పాదం తాకి, కళ్ళకద్దుకుని, "కిచ్ఛి నాహి మా" అన్నాడు, ఏం ఫర్వాలేదమ్మా అని. మళ్ళీ కాలు పట్టుకున్నాడు.

ఆసుపత్రి దగ్గర దిగబోతే ఆయన కాళ్ళు నిలబడలేదు. తిమ్మిరెక్కిపోయాయి. కారు తలుపు పట్టుకుని, పిక్కలు తట్టుకుంటూ, సిగ్గుపడి నవ్వాడు. అప్పటిదాకా రాయిలా ఉన్నదాన్ని, అక్కడ నడిరోడ్డు మీద భోరున ఏడ్చేశాను. మా ఆయన చేతిలో నోట్లు కుక్కితే, బస్సు ఛార్జీకి ఒక్క వంద ఉంచుకుని మిగతావి తిరిగిచ్చేశాడు. పేరు చెప్పాడు గాని, అడక్కుండా నలుగురిలో పెట్టడం ఇష్టం లేక రాయడం లేదు. కొత్త గమ్చా, దడికి డబ్బు పంపిస్తున్నాం. తీసుకుంటాడో లేదో.

ఆ ఆసుపత్రి సంగతి కూడా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఎక్స్‌రే మిషనుంది, తీసేవాడు లేడు. రేపు రండి అన్నారు. విరిగిన కాలితో రేపు రావడమేంటండీ? సుంకి ఘాట్ దిగి, సాలూరు, విజయనగరం మీదుగా రాత్రంతా ప్రయాణం చేసి వైజాగ్ వస్తే, మొదట వెళ్ళినచోట మా హెల్త్ కార్డు ఒడిశాది, చెల్లదు పొమ్మన్నారు. మాట తెలుగు, చుట్టాలు ఇటు, చిరునామా అటు. సరిహద్దులో పుట్టినవాళ్ళకి ఎముకలు కూడా రెండు రకాలుంటాయా? ఓట్లప్పుడు మాత్రం రెండు వైపుల నాయకులూ మనవాళ్ళే.

మా ఆయన, తమ్ముడు, మరదలు తిరుగుతూనే ఉన్నారు. ఇంటివాళ్ళకి వేరే చెప్పేదేముంది.

అన్నట్టు, అమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి అన్ని మెట్లూ దించిన ఛత్తీస్‌గఢ్ కుర్రాళ్ళు! వాళ్ళ పేర్లు కూడా అడగలేదు. జనాన్ని ఆపి దారి ఇప్పించిన పూజారిగారు. సాలూరులో అర్ధరాత్రి పొయ్యి మళ్ళీ వెలిగించి పాలు కాచిచ్చిన టీకొట్టాయన. పిల్లల్ని ఉంచుకున్న ఎదురింటి పిన్నిగారు, మీ టిఫిన్ క్యారియర్ మా దగ్గరే ఉంది. రక్తం ఇచ్చిన ఇంజినీరింగ్ బాబు, నిన్నెలా మర్చిపోయాను!

అమ్మ ఇప్పుడే లేచి ఇడ్లీ అడిగింది. ఆరు వారాలు కాలు కింద పెట్టకూడదట. చూడ్డానికొచ్చేవాళ్ళు సాయంత్రం నాలుగు తర్వాత రండి, పొద్దున లోపలికి వదలరు.