బహ్రెయిన్ పౌరుడి రాయితీలు సరే, మన ఇండెమ్నిటీ సంగతేమిటి?

సంపాదకుల వారికి,

గల్ఫ్ ముచ్చట వచ్చినప్పుడల్లా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "అక్కడివాళ్లకి సర్కారు అన్నీ ఊరికే ఇస్తుంది, చాకిరీ మాత్రం మనది." బహ్రెయిన్ ద్వీపం వరకూ తీసుకుంటే ఈ మాటలో సగమే నిజం. మిగతా సగం తెలియక, చట్టప్రకారం తమకు రావలసిన డబ్బు వదులుకుని తిరిగొస్తున్న మనవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ లేఖ వాళ్ల కోసం.

ముందు నిజమైన సగం. కరెంటు చూడండి. 2016లో మొదలైన ధరల సవరణ 2019కి పూర్తయ్యేసరికి, పౌరుడి సొంతింటికి మొదటి 3000 యూనిట్ల వరకూ యూనిట్ 3 ఫిల్స్ దగ్గరే ఉండిపోయింది. విదేశీయుడి ఇంటికి 29 ఫిల్స్ అయింది. ఒక దినారుకు వెయ్యి ఫిల్స్. ఆ ధరల ప్రకారం ఎండాకాలంలో రెండు మూడు ఏసీలు నడిచి నెలకు 3000 యూనిట్లు కాలితే అతనికి 9 దినార్లు, మనకు 87. కుటుంబంతో ఉండేవాళ్లు 'రెంటులోనే కరెంటు' అన్న మాట నమ్మి ఇల్లు తీసుకుంటారు. ఆ ఒప్పందంలో నెలకు ఇన్ని దినార్ల వరకే అని ఒక పరిమితి రాసి ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా బిల్లు ఆ పరిమితి దాటుతుంది, తేడా అద్దెకున్నవాడి మీద పడుతుంది. సంతకం పెట్టకముందే ఆ అంకె చూసుకోవాలి. ఇంకో సంగతి. ఆ 3 ఫిల్స్ ధర పౌరుడికైనా ఒక్క ఇంటికే. అతను అద్దెకిచ్చే రెండో ఇంటికి వర్తించదు. కాబట్టి ఓనరు బహ్రెయినీ కదా అని మన బిల్లు తగ్గదు.

ప్రభుత్వ ఇంటి కోసం దరఖాస్తు పెట్టుకుని వరుసలో ఉన్న పౌరుడికి నెలకు 100 దినార్ల గృహ భత్యం ఉంది. 2015లో మాంసం మీద రాయితీ ఎత్తేసినప్పుడు దానికి బదులు నగదు ఇచ్చారు, అదీ పౌరులకే. వీటిలో మనకు వాటా అడిగే హక్కు లేదు. వాళ్ల చమురు, వాళ్ల ఖజానా. దీనికి కుళ్లుకోవడం అనవసరం.

పింఛను మాత్రం ఊరికే వచ్చేది కాదు. ప్రైవేటు ఉద్యోగంలో ఉన్న బహ్రెయినీ జీతంలో పింఛనుకు 7 శాతం, నిరుద్యోగ బీమాకు 1 శాతం పోతుంది. కంపెనీ అంతకంటే ఎక్కువ కడుతుంది. మనకు పింఛను కోత లేదు, పింఛనూ లేదు.

అసలు అభ్యంతరం చెప్పాల్సింది ఆ 1 శాతం గురించి. 2006 నాటి 78వ చట్టంతో వచ్చిన ఈ నిరుద్యోగ బీమాకు మన జీతంలోంచి కూడా 1 శాతం కోస్తారు. చందా దగ్గర జాతీయత తేడా లేదు. పరిహారం కావాలంటే మాత్రం ఆ దేశంలోనే ఉండి, పనికి సిద్ధంగా, కార్మిక శాఖలో పేరు నమోదు చేసుకుని ఉండాలి. మనవాడి నివాసం వీసాతో ముడిపడి ఉంది, వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంది. పని పోయినవాడు పని వెతుక్కుంటూ నెలల తరబడి అక్కడ ఎలా ఉంటాడు? కరోనా సమయంలో, 2020 ఏప్రిల్ నుంచి జూన్ దాకా ప్రైవేటు రంగంలోని పౌరుల జీతాలను ప్రభుత్వమే భరించింది. ఆ 21.5 కోట్ల దినార్లకు ఈ నిధినే ఆధారం చేసుకున్నారు. అందులో మన మేస్త్రీలు, క్లీనర్లు కట్టిన చందా కూడా ఉంది. కరెంటు రాయితీ మీద పెట్టే గోల దీని మీద పెడితే న్యాయంగా ఉండేది.

ఇక చేతికి వచ్చే డబ్బు. ఇండెమ్నిటీ అంటే, ఉద్యోగం ముగిసినప్పుడు చేసిన సర్వీసుకు వచ్చే డబ్బు, అక్కడున్న మనవాళ్లందరికీ తెలుసు. 2012 నాటి 36వ కార్మిక చట్టం, 116వ అధికరణం ప్రకారం మొదటి మూడేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆపైన ఏడాదికి ఒక నెల జీతం. ఏడాది నిండకపోయినా ఆ వంతు లెక్క కట్టాలి. రాజీనామా చేసినవాడికి రాదని కొన్ని కంపెనీల్లో చెప్తారు. పాత చట్టంలో అలాంటి కోత ఉండేది, ఈ చట్టంలో లేదు.

2024 మార్చి 1 నుంచి పద్ధతి మారింది. కంపెనీ ఆ డబ్బును తన దగ్గర ఉంచుకోకుండా, సర్వీసు మూడేళ్ల లోపు ఉంటే జీతంలో 4.2 శాతం, దాటితే 8.4 శాతం చొప్పున నెలనెలా సామాజిక బీమా సంస్థకు, అంటే మనవాళ్లు ఇప్పటికీ 'గోసి' అనే సియోకు కట్టాలి. ఆ తేదీ తర్వాత చేరిన ఒక మనిషి జీతం 150 దినార్లు అనుకుందాం. మొదటి మూడేళ్లు నెలకు 6 దినార్ల 300 ఫిల్స్, తర్వాత 12 దినార్ల 600 ఫిల్స్. అయిదేళ్లకు 529 దినార్లు దాటుతుంది. కంపెనీ దివాలా తీసినా, మేనేజరు మొహం చాటేసినా ఈ డబ్బు పోదు.

తేడా వచ్చేది ఇంకోచోట. కాంట్రాక్టులో బేసిక్ 100, అలవెన్సులు 50 అని రాసి, సియోలో 100 చూపితే పైన చెప్పిన మొత్తంలో మూడోవంతు ఎగిరిపోతుంది. అందుకే ఈ-కీ, అంటే బహ్రెయిన్ ప్రభుత్వ ఆన్‌లైన్ సేవల్లోకి వెళ్లే లాగిన్, తెరిపించుకుని, సియో వెబ్‌సైట్లో తన పేరు మీద ఎంత జీతం నమోదైందో ఏడాదికోసారైనా చూసుకోవాలి. 2024 మార్చికి ముందు చేసిన సర్వీసు డబ్బు సియోలో ఉండదు, దాన్ని కంపెనీయే ఇవ్వాలి. పాతవాళ్లకు రెండు చోట్ల నుంచి రావాలన్నమాట. ఫైనల్ సెటిల్మెంట్ కాగితం మీద 'అన్నీ ముట్టాయి' అని ఉంటే, ఆ పాత భాగం అందులో ఉందో లేదో చూడకుండా సంతకం పెట్టకూడదు. ఉద్యోగం ముగిసిన ఏడాదిలోపు కేసు వేయకపోతే కోర్టు వినదు. ఇంటికి రాక తప్పనివాళ్లు అక్కడ నమ్మకమైన మనిషికి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి రావాలి.

సియో డబ్బు దానంతట అది రాదు. ఉద్యోగం ముగిశాక మనమే దరఖాస్తు పెట్టాలి. బహ్రెయిన్ బ్యాంకు ఖాతా ఐబాన్, అంటే అంతర్జాతీయ ఖాతా నంబరు, కావాలి, అది బీహెచ్‌తో మొదలై మొత్తం 22 అక్షరాలు, అంకెలు. మనవాళ్లు తొందరపడి చేసే పని ఏమిటంటే, టికెట్ చేతికి రాగానే ఖాతా మూసి, సిమ్ పారేస్తారు. ఆ సిమ్‌కే ఓటీపీ వస్తుంది, ఆ ఖాతాకే డబ్బు వస్తుంది. డబ్బు పడే వరకూ రెండూ బతికి ఉండాలి.

ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, ఇంటి డ్రైవర్లు సియో పద్ధతిలోకి రారు. కానీ 116వ అధికరణం వాళ్లకూ వర్తిస్తుంది. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, నేరుగా ఇవ్వాలి. కల్లివల్లి అయినవాడికి, అంటే కఫీల్‌ని వదిలి అనుమతి లేకుండా బయట పనిచేసేవాడికి, నెలనెలా కట్టే యజమానే ఉండడు, కాబట్టి ఆ కాలానికి ఖాతాలో ఏమీ జమ కాదు.

పనిలో గాయమైతే దానికీ బీమా ఉంది. దాని 3 శాతం చందా పూర్తిగా కంపెనీదే. పనికి వెళ్లేదారిలో, వచ్చేదారిలో జరిగిన ప్రమాదమూ ఇందులోకి వస్తుంది, మధ్యలో వేరే దారి పట్టకపోతే, ఎక్కడా ఆగకపోతే. అందుకే పోలీసు రిపోర్టులో సమయం, చోటు సరిగ్గా రాయించడం ముఖ్యం.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాల ప్రవాస విభాగాలకు ఒక మనవి. వెళ్లేవాళ్లకు ఇచ్చే శిక్షణలో అక్కడి మర్యాదలు, చట్టాల భయం ఎలాగూ చెప్తారు. దానితోపాటు ఈ-కీ, సియో ఖాతా, ఐబాన్ అనే మూడూ తెలుగులో ఒక పేజీ మీద వేసి ఇవ్వండి. జగిత్యాల, నిజామాబాద్, కడప లాంటి చోట్ల తిరిగొచ్చినవాళ్ల దరఖాస్తు పెట్టించే మనిషిని కూర్చోబెట్టండి. ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన పాస్‌పోర్టు) మీద వెళ్లేటప్పుడు తీసుకునే ప్రవాసీ భారతీయ బీమా 10 లక్షల రూపాయల ప్రమాద పాలసీ రెండు మూడేళ్లకే ముగుస్తుంది. వీసా రెన్యువల్ గుర్తుండేవాడికి ఇది గుర్తుండదు. ఆ పేజీలో కింద ఒక వరుస దీనికీ కేటాయించండి.

ఇట్లు,
ఒక తెలుగు ప్రవాసి,
మనామా, బహ్రెయిన్