వార్షిక నివేదిక: కోతకు ముందు అచ్చు

సభ్యులందరికీ నమస్కారం.

ఫైబర్‌గ్లాస్ (గాజు పోగులను రెసిన్ అనే జిగురు ద్రవంతో కలిపి గట్టిపరిచింది) బాడీ ఉన్న పాత కార్లకు మార్పులు చేసుకునే మన సంఘం షెడ్డులో ఈ ఏడాది ఎక్కువ ఆదివారాలు మింగేసింది కొత్త పని కాదు, నిరుడు చేసిన పనే. 1969 నాటి షెవర్లే కార్వెట్‌కు వెడల్పు టైర్లు పట్టేలా వెనక మడ్‌గార్డులను ఉబ్బించి ఇచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మనమే చేశాం, మనమే మెచ్చుకున్నాం. ఎండలు ముదిరేసరికి నున్నటి రంగు మీద వీల్ ఆర్చ్ (చక్రం పైన ఉండే వంపు) చుట్టూ సన్నటి గీత తేలింది. కంటికి ఒక కోణంలోనే కనిపించేది గానీ, గోటితో గీరితే స్పష్టంగా తగిలేది. యజమాని ఒక్క మాట అనలేదు. అదే మాకు ఎక్కువ నొప్పి.

రంగు గీకి చూస్తే తప్పు మనదేనని తేలింది. పాత బాడీ అంచునూ కొత్త ముక్కనూ ఎదురెదురుగా ఆనించి, లోపల ఒకే ఒక్క పొర గాజు పోగుల మ్యాట్‌ను రెసిన్‌తో వేసి, పైన పుట్టీతో కప్పేశాం. పుట్టీకి బలం ఎక్కడిది? ఈసారి రెండు అంచులనూ ఏటవాలుగా గ్రైండ్ చేశాం. మందానికి 12 రెట్ల వెడల్పున వాలు ఉండాలన్నది పడవలు బాగుచేసేవాళ్లు పాటించే లెక్క. మన అతుకు దగ్గర మందం 3 మిల్లీమీటర్లు, కాబట్టి ఒక్కో వైపు 36 మిల్లీమీటర్లు. అంత మంచి బాడీని గీకేయడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది కానీ అతుకు నిలిచేది ఆ వాలు మీదే. లోపలా బయటా పొరలు వేసి, ఒక్కో పొరనూ రోలర్‌తో గాలి బుడగలు పోయేదాకా ఒత్తాం. తరవాత నాలుగు వారాలు బండిని ఎండలో వదిలేశాం. రెసిన్ గట్టిపడినట్టు కనిపించినా లోలోపల ఇంకా కుదించుకుంటూనే ఉంటుంది. ఆ పని రంగు కింద జరిగితే గీత, రంగు వేయకముందే జరిగితే ఉప్పుకాగితంతో పోయే సమస్య. ప్రస్తుతానికి గీత లేదు. వచ్చే ఎండల తరవాతే ఫొటో.

రెసిన్‌ను గట్టిపరచడానికి కలిపే హార్డెనర్ విషయంలో ఒక అనుభవం. మనం వాడే పాలియెస్టర్ రెసిన్‌కు నూటికి ఒకటి రెండు పాళ్లు చాలు. తొందరగా ఆరుతుందని మనలో ఒకరు (ఈ నివేదిక రాస్తున్నవారే) డబ్బాలో కొంచెం ధారాళంగా పోశారు. బ్రష్ ముంచేలోపు డబ్బా చేతిని కాల్చింది, పొగ లేచింది, రెసిన్ జెల్లీలా బిగుసుకుపోయింది. అప్పటినుంచి తూకం త్రాసు బల్ల మీదే ఉంటోంది.

పాలియెస్టర్ బదులు ఎపాక్సీ అనే మరో రకం రెసిన్ వాడతామన్నవారికి ఒక మాట. తరిగిన గాజు పోగుల మ్యాట్‌ను పట్టి ఉంచే జిగురు పాలియెస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రావకానికి కరిగేలా తయారైంది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు. మ్యాట్ మెత్తబడక అట్టలా నిక్కుతుంది. ఎపాక్సీ అయితే గాజు నేత బట్టే వాడండి. ఒకసారి ఎపాక్సీ పడ్డాక దాని మీద పాలియెస్టర్ సరిగా పట్టదు, ముందే తేల్చుకోండి.

లోటస్ ఎలాన్ కారు మీద వెనక దీపాలు మార్చిన పని చిన్నదే, పరువు మాత్రం పెద్దగానే పోయింది. కొత్త దీపాలు బిగించాం, వెలగలేదు. బల్బులు మార్చాం, ఫ్యూజులు చూశాం. చివరికి తేలిందేమిటంటే ఫైబర్ బాడీలో కరెంటు పారదు, ఎర్త్ వైరు విడిగా లాగాలి. ఇన్నేళ్ల సంఘానికి ఇది తెలియక కాదు.

ఇక సర్వసభ్య సమావేశంలో బాగా వేడెక్కిన అంశం. 1963 కార్వెట్ కూపేకి వెనక అద్దం మధ్యలో నిలువు పట్టీ ఉండేది. వెనక ఏమొస్తోందో కనపడదన్న ఫిర్యాదుతో 1964లో కంపెనీయే దాన్ని తీసేసింది. కొందరు యజమానులు ముచ్చటపడి తమ 1963 బండ్ల పట్టీ కోసి 1964 అద్దం పెట్టించుకున్నారు. ఇప్పుడు జనం వెతుక్కునేది ఆ పట్టీ ఉన్న బండ్లనే. బండి మీది, ఇష్టం మీది, మార్పులు వద్దని సంఘం అనదు. కానీ మన షెడ్డులో ఏ బాడీకైనా కోత పెట్టే ముందు ఆ భాగానికి అచ్చు తీయాలని తీర్మానం చేశాం. "అచ్చుకు పట్టే రోజులో పని సగం అయిపోతుంది" అని అభ్యంతరాలు వచ్చాయి. నిజమే, అయినా తీర్మానం నెగ్గింది. పాత రూపం కావాలంటే అచ్చులోంచి ముక్క తీసుకోవచ్చు.

దుమ్ము మాస్కు లేకుండా గ్రైండర్ పట్టుకున్నవారిని ఇకపై షెడ్డులోంచి పంపేస్తాం. ఇందులో చర్చ లేదు. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

వీల్ ఆర్చ్ అచ్చులు రెండూ గోడ బల్ల మీద ఉన్నాయి. ఎడమది ఎవరో తీసుకెళ్లి మైనం తుడవకుండా పెట్టారు. దయచేసి వచ్చి తుడవండి.

కార్యదర్శి