చిట్టికి, ఉప్పు సీసాల విషయమై

చిట్టీ,

ఫోన్ ఎత్తవు. మెసేజ్ చూసినట్టు మాత్రం తెలుస్తూనే ఉంటుంది. పనుల్లో ఉంటావులే, నేనేం అడగను. నువ్వు ఇంట్లోనే బాత్ సాల్ట్, అదే స్నానం నీళ్ళలో కలుపుకునే ఉప్పు, చేసి ఆఫీసులో అందరికీ ఇవ్వబోతున్నావని చిన్నపిన్ని చెప్పింది. ఆ సంగతి మాట్లాడదామనే ఈ ఉత్తరం.

రెండు కప్పుల ఎప్సం సాల్ట్‌కి (మెగ్నీషియం సల్ఫేట్ అనే లవణం) ఒక కప్పు సముద్రపు ఉప్పు, అర కప్పు వంటసోడా చాలు. సువాసన నూనె పదిహేను చుక్కలు మించనివ్వకు. దాన్ని నేరుగా ఉప్పులో పోసేయకు. అది నీళ్ళలో కరగదు, పైన తేలి ఒంటికి అంటుకుంటే మంట పుడుతుంది. ముందు చెంచాడు బాదం నూనెలో కలుపుకో. బాదం పడనివాళ్ళుంటారు, లేబుల్ మీద ఆ మాట తప్పకుండా రాయి.

అయినా ఆఫీసులో అందరికీ ఎందుకే? ఏదైనా సందర్భమా? ఊరికే అడుగుతున్నాలే.

బుసబుసా పొంగాలని సిట్రిక్ యాసిడ్ మాత్రం వేయకు. పెద్దత్తయ్య వేసింది గుర్తుందా? నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు. ఆవిడ తడిచేత్తోనే కలిపి, సీసాల్లో కుక్కి, మూతలు బిగించేసింది. తడి తగిలితే ఆ యాసిడూ సోడా లోపలే పొంగడం మొదలుపెడతాయి. అర్ధరాత్రి టప్పుమని చప్పుడు. మీ నాన్న దొంగేమోనని టార్చి పట్టుకుని వంటింట్లోకి వెళ్తే, మూత ఫ్రిజ్ కింద, ఉప్పంతా గట్టు మీద! మిగతా సీసాల్లోది గడ్డకట్టి, స్క్రూడ్రైవర్‌తో పొడిచినా రాలేదు. ఆవిడ ఒప్పుకుందా? సీసాలదే తప్పంది. వాటినే మూటగట్టి మనకే ఇచ్చి పోయింది కూడా.

అందుకే కలిపాక పళ్ళెంలో పల్చగా పరిచి, ఒక రాత్రి ఆరనిచ్చి అప్పుడు నింపు. ఇనుప మూత తుప్పు పడుతుంది, ప్లాస్టిక్ మూత ఉన్న గాజుసీసా తీసుకో. గులాబీ రేకులు వేస్తే ఫొటోకి బాగుంటాయి కానీ తడిస్తే గోధుమరంగుకి తిరిగి, తూములో ఇరుక్కుంటాయి. చేసిన తేదీ రాయి, తినేది కాదని కూడా రాయి. బాత్‌టబ్ లేనివాళ్ళు గోరువెచ్చటి నీళ్ళలో గుప్పెడు వేసి కాళ్ళు పెట్టుకోవచ్చని చెప్పు.

మామూలుగా ఉద్యోగం మానేసేవాళ్ళే కదా అందరికీ ఏదో ఒకటి పంచేది. నువ్వు మానేస్తున్నావని నేననడం లేదు. ఒకవేళ అనుకున్నా, ఇంకోటి చేతికొచ్చాకే కాగితం ఇవ్వాలి. నోటీసు పీరియడ్, పీఎఫ్ అన్నీ చూసుకోవాలి. కోపంలో ఇచ్చే కాగితం... సర్లే, మళ్ళీ పాఠం మొదలుపెట్టానంటావు.

రాత్రుళ్ళు కూర్చుని చేయకు, నీ నడుము సంగతి నాకు తెలుసు. లేబుళ్ళు తను రాస్తానంటున్నారు మీ నాన్న, చేతిరాత బాగుంటుందని ఆయనకో నమ్మకం. ఎన్ని కావాలో చెప్పు. నలుగురైదుగురికా, ఫ్లోర్ మొత్తానికా?

అమ్మ