టేబుల్‌టాప్ ఆటల సంఘం, నెల్లూరు: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ముందుగా ధన్యవాదాలు. ప్రతి రెండో ఆదివారం మూలాపేటలో తన మేడ మీద గది ఇచ్చిన సభ్యుడికి, రాత్రి 10 దాటినా విసుక్కోకుండా టీ పంపిన వాళ్లమ్మగారికి, డైస్ మర్చిపోయి వచ్చినవాళ్లకి తన సంచిలోంచి తీసిచ్చిన కావలి మిత్రుడికి. (ఆయనకి రెండు డైస్ ఇంకా వెనక్కి రాలేదు. ఎవరి దగ్గరున్నాయో వాళ్లకి తెలుసు.)

ఈ ఏడాది గొప్పగా చెప్పుకోవాల్సింది ఉదయగిరి ఆట. ఆ కోట మీద మనమే కథ అల్లి, డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో (ఒకరు గేమ్ మాస్టర్‌గా కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు పాత్రలై డైస్ వేస్తూ ఆడే ఆట) కొత్తవాళ్ల చేత ఆడించాం. ట్రయల్‌లో జరిగిన ఘోరం మాత్రం కొందరికే తెలుసు. మొదటి లెవెల్ ఆటగాళ్లు నలుగురు, కొండ దారిలో ఆరు గోబ్లిన్లు (చిన్న రాక్షసులు). ఒక్కోదాన్ని ఓడిస్తే 50 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు), మొత్తం 300. నలుగురికి 'హార్డ్' (కష్టమైన పోరు) గీత కూడా 300. సరిపోయిందనుకున్నాను. కానీ గేమ్ మాస్టర్ల కోసం వచ్చిన 2014 గైడ్ ప్రకారం అలాంటి జట్టు మీదికి మూడు నుంచి ఆరు దాకా శత్రువులొస్తే మొత్తాన్ని రెట్టింపు చేసి చూసుకోవాలి. అంటే 600. 'డెడ్లీ' (ప్రాణాంతకం) గీతే 400! లెక్క తప్పింది నేనే. రౌండ్‌కి మనవాళ్లవి నాలుగు దెబ్బలు, వాటివి ఆరు. దెబ్బకి సగటున 5 హిట్ పాయింట్లు (పాత్ర ప్రాణబలం) పోతాయి, విజార్డ్‌కి (మంత్రగాడికి) ఉన్నవే 7. రెండో రౌండ్‌కే పడిపోయాడు. ఆ పాత్ర ఆడుతున్న ఇంటర్ కుర్రాడు షీట్ మడిచి జేబులో పెట్టుకుని "ఇంతేనా అన్నా?" అన్నాడు.

గోబ్లిన్లని తగ్గించలేదు. ముందు మూడు, రెండు రౌండ్లయ్యాక మిగతా మూడు వచ్చేలా మార్చాం. నాయకుడు పడితే మిగతావి పారిపోతాయి. అసలు రోజున క్లెరిక్ (పూజారి పాత్ర) ఒక్క హిట్ పాయింట్‌తో నిలబడ్డాడు. ఆ అరుపులకి కింద వాటావాళ్లు పైకొచ్చి చూసి, చివరిదాకా కూర్చున్నారు. 2024 గైడ్‌లో ఆ రెట్టింపు లెక్కే తీసేశారు. అయినా ఎవరి వైపు ఎన్ని దెబ్బలు పడుతున్నాయో మన గేమ్ మాస్టర్లు వేళ్ల మీద లెక్కపెట్టుకోవాల్సిందే.

ఈ ఆటకి హాలు అడుగుతూ ఒక ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాం. "పేకాట కాదు కదా?" అని ప్రతిసారీ అదే ప్రశ్న. డైస్ తీసి చూపించడం మా పొరపాటే. చివరికి అర్జీ కనపడలేదన్నారు. సాయానికి ఏడుగురు పేర్లిచ్చి ఇద్దరొచ్చారు. మిగతావాళ్లు ఆ రోజు వాట్సాప్ స్టేటస్‌లో మైపాడు బీచ్‌లో కనపడ్డారు.

జమాఖర్చులు కోశాధికారి నోటుపుస్తకంలో ఉన్నాయి, చూడొచ్చు. చందా బాకీలు ఈ నెలలో కట్టండి.

ఇదే ఆట ఒంగోలులో ఆడించమని అడుగుతున్నారు. ఇద్దరు గేమ్ మాస్టర్లు కావాలి. వచ్చేవాళ్లే పేర్లివ్వండి.

ఇట్లు,
కార్యదర్శి